దారి తప్పినవాడి టీ హోటలు

మన ఊళ్లలో టీ దుకాణం లేని వీధి ఉండదు. బస్సు దిగినవాడు, పొలంనుంచి వచ్చినవాడు, కోర్టు పనిమీద పట్నం వచ్చినవాడు, అందరూ అక్కడ కాస్సేపు ఆగుతారు. నిలబడే టీ తాగుతారు, డబ్బులిచ్చి తమ దారిన తాము పోతారు.

ఇంగ్లండులో టీ తాగటానికి మరొక రకం చోటు కూడా ఉన్నది. దాన్ని టీ రూము అంటారు. అక్కడ నిలబడి తాగటమనేది లేదు. శుభ్రంగా అమర్చిన బల్ల ముందు కూర్చోవాలి. టీ, పాలు, చక్కెర వేరువేరు పాత్రలలో వస్తాయి. వాటితోపాటు మూడంతస్తుల పళ్లాలలో ఫలహారాలు వస్తాయి. గంటో, గంటన్నరో తీరికగా కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ తాగాలి.

ఇటువంటి టీ రూములు ఇంగ్లండులో వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో చాలా పేరుపొందినది యార్క్‌షైర్ సీమలోని "బెట్టీస్". దూరదేశాలనుంచి వచ్చినవాళ్లు సైతం దాని వాకిట్లో వరసగా నిలబడి, తమ వంతు వచ్చినదాకా ఓపికపడతారు. అచ్చమైన ఇంగ్లీషు పద్ధతిలో టీ తాగాలంటే అక్కడికే వెళ్లాలని వాళ్ల నమ్మకం.

కాని, ఇందులో ఒక చిత్రమున్నది. ఆ హోటలు పెట్టినవాడు ఇంగ్లీషువాడు కాడు. అక్కడ పోసే టీ ఆకు ఇంగ్లండులో పండినది కాదు. ఇక, హోటలుకు పేరిచ్చిన ఆ బెట్టీ ఎవరో ఈనాటికీ ఎవరికీ తెలియదు!

ఈ కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

సుమారు 400 ఏళ్ల క్రితం ఇంగ్లీషువారికి టీ అంటే ఏమిటో తెలియదు. 1650 తరువాత కొద్దికొద్దిగా చైనానుంచి ఓడలమీద రావటం మొదలుపెట్టింది. శామ్యూల్ పీప్స్ అనే లండను ఉద్యోగి ఒకాయన ప్రతిరోజూ దినచర్య రాసుకునేవాడు. 1660 సెప్టెంబరు 25న తాను టీ తెప్పించుకున్నాననీ, అంతకుముందు దాన్ని ఎన్నడూ తాగలేదనీ ఆయన రాసుకున్నాడు. అది అంత పెద్ద విశేషమన్నమాట!

ఆ రోజులలో టీ ఆకు చాలా ప్రియం. ధనికుల ఇళ్లలో దాన్ని చిన్న పెట్టెలో పోసి, తాళం వేసి, తాళంచెవి ఇంటి యజమానురాలు తన దగ్గర ఉంచుకునేది. ప్రభుత్వం దానిమీద విపరీతంగా పన్ను వేసింది. పన్ను పెరిగినకొద్దీ దొంగతనంగా దిగుమతి చేసేవాళ్లూ పెరిగారు. చివరకు 1784లో ప్రభుత్వం నూటికి 119 వంతులున్న పన్నును ఒక్కసారిగా పన్నెండున్నరకు తగ్గించింది. అంతటితో దొంగవ్యాపారం దెబ్బతిన్నది. టీ సామాన్యుల ఇళ్లలోకి కూడా వచ్చింది.

సాయంకాలం టీతోపాటు ఫలహారం చేసే అలవాటు ఆ తరువాత వచ్చింది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు భార్య ఆనా దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. అప్పట్లో గొప్పవాళ్లు మధ్యాహ్నం కాస్తంత తిని, మళ్లీ రాత్రి ఎనిమిది గంటలకుగాని భోజనం చేసేవాళ్లు కారు. నాలుగు గంటలయ్యేసరికి ఆవిడకు నీరసం వచ్చేది. అందుచేత ఆవిడ టీ, రొట్టె, కేకు తన గదికి తెప్పించుకునేది. తరువాత స్నేహితురాళ్లను కూడా పిలవసాగింది. ఆకలి పుట్టించిన అలవాటు మర్యాదగా మారింది!

బజారులో టీ రూములు రావటానికి కారణం వేరు. ఆ కాలంలో ఆడవాళ్లు ఒంటరిగా బజారుకు వెళితే, కాస్సేపు కూర్చుని ఏదైనా తాగటానికి తగిన చోటు ఉండేది కాదు. సారాకొట్లకు మర్యాదస్తులైన స్త్రీలు వెళ్లరు. 1864లో లండనులో ఒక రొట్టెల కంపెనీ తన దుకాణంలో టీ కూడా అమ్మటం ప్రారంభించింది. ఆ ఏర్పాటు జనానికి బాగా నచ్చింది. 1894లో లయన్స్ అనే కంపెనీ లండనులోనే మొదటి టీ దుకాణం తెరిచింది. కొద్దికాలంలోనే దేశమంతటా టీ దుకాణాలు వెలిశాయి. ఆడవాళ్లు నలుగురూ కలిసి, ఎవరికీ జడవకుండా కూర్చుని మాట్లాడుకునే చోటు వాళ్లకు దొరికింది.

ఇప్పుడు మన కథానాయకుడి సంగతికి వద్దాం.

స్విట్జర్లండు దేశంలో ఆరె నది ఒడ్డున వాంగెన్ అనే చిన్న ఊరున్నది. 1885లో అక్కడ ఫ్రిట్జ్ బుట్జర్ అనే పిల్లవాడు పుట్టాడు. అతని తండ్రికి పిండిమర ఉండేది. రొట్టెలు కాల్చటంలో కూడా ఆయన ఆరితేరినవాడు. ఫ్రిట్జ్‌కు ఐదేళ్లప్పుడు ఒక రాత్రి ఆ మరకు నిప్పంటుకున్నది. ఆ మంటలలో తండ్రి చనిపోయాడు. తల్లి అంతకుముందే పోయింది. దిక్కులేని ఆ పిల్లవాడు ఒక రైతు ఇంట పనులు చేస్తూ పెరిగాడు. కాస్త ఎదిగినాక తండ్రి విద్య అయిన రొట్టెలపని నేర్చుకున్నాడు. తరువాత మిఠాయిలు, చాక్లెట్లు చేయటం కూడా నేర్చాడు.

1907లో, ఇరవైరెండేళ్ల వయసులో, అతడు బతుకుతెరువు వెతుక్కుంటూ ఇంగ్లండు బయలుదేరాడు. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తాను చేరవలసిన చోటు చిరునామా ఒక కాగితంమీద రాసి ఉన్నది. తీరా లండను చేరి చూసుకునేసరికి ఆ కాగితం పోయింది!

తెలియని దేశం, రాని భాష, చేతిలో చిరునామా లేదు. ఏం చేయాలి? అతనికి ఒక్కటే గుర్తున్నది. ఆ ఊరి పేరు చెవికి "బ్రాట్‌వుర్స్ట్" అన్నట్టు వినబడుతుంది. బ్రాట్‌వుర్స్ట్ అంటే జర్మను భాష మాట్లాడేవారు తినే ఒక మాంసపు వంటకం. రైలు స్టేషనులో అతడు కనిపించినవారినల్లా ఆ మాటే అడిగాడట. కొంతసేపటికి ఎవరో పుణ్యాత్ముడు సంగతి గ్రహించి, అతన్ని "బ్రాడ్‌ఫర్డ్" వెళ్లే రైలెక్కించాడట. ఆ హోటలువారు ఈనాటికీ ఈ కథ ముచ్చటగా చెప్పుకుంటారు.

బ్రాడ్‌ఫర్డ్ లండనుకు ఉత్తరాన సుమారు 200 మైళ్ల దూరంలో ఉన్నది. అది ఉన్నిమిల్లుల ఊరు. అక్కడ వ్యాపారం చేసే జర్మనులు కూడా చాలామంది ఉండేవారు. స్విట్జర్లండువాడే నడిపే ఒక మిఠాయి దుకాణంలో ఫ్రిట్జ్‌కు పని దొరికింది. ఆ విధంగా, తప్పిన దారే అతనికి అసలు దారి అయింది.

కొన్నాళ్లకు అతడు ఆ చుట్టుపక్కలే ఉన్న హారోగేట్ అనే పట్నం చేరాడు. ఫ్రెంచి పేరులాగా వినిపించే ఫ్రెడరిక్ బెల్మాంట్ అన్న కొత్త పేరు పెట్టుకున్నాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినాక ఇంగ్లండులో జర్మను పేరున్న ప్రతివాణ్ణీ అనుమానంగా చూసేవారు. అంతెందుకు? 1917లో సాక్షాత్తు ఇంగ్లండు రాజే తన వంశానికున్న జర్మను పేరు తీసేసి విండ్సర్ అన్న పేరు పెట్టుకున్నాడు!

హారోగేట్ ఒక వింత ఊరు. అక్కడ భూమిలోనుంచి ఊరే నీళ్లు కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తాయి. ఆ నీళ్లలో గంధకం కలిసి ఉండటమే దానికి కారణం. 1571లో విలియం స్లింగ్స్‌బీ అనే ఆయన అక్కడ మొట్టమొదటి ఊటను కనిపెట్టాడు. ఆ నీళ్లు తాగితే రోగాలు పోతాయని పేరువచ్చింది. ధనికులు బళ్లు కట్టుకుని, తరువాత రైళ్లెక్కి అక్కడికి వచ్చేవారు. ముక్కు మూసుకుని గ్లాసెడు నీళ్లు తాగినవాడికి ఆ తరువాత నోరు తీపి చేసుకోవాలని ఉండదా? మిఠాయి చేసేవాడికి అంతకంటె మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

1919 జూలై 17న బెల్మాంట్ అక్కడ తన హోటలు తెరిచాడు. దానికి "బెట్టీస్" అని పేరు పెట్టాడు. యుద్ధం ముగిసి అప్పటికి ఎనిమిది నెలలే అయింది.

మరి ఆ బెట్టీ ఎవరు? దీనికి చాలా సమాధానాలున్నాయి. హారోగేట్‌లో గంధకపు నీళ్లు ముంచి ఇచ్చే బెట్టీ లప్టన్ అనే ముసలావిడ ఒకప్పుడు చాలా ప్రసిద్ధురాలు. ఆవిడ పేరే పెట్టాడని కొందరంటారు. ఆ రోజులలో లండనులో ఆడిన "బెట్టీ" అనే సంగీత నాటకం పేరు పెట్టాడని మరికొందరంటారు. హోటలుకు ఏ పేరు పెడదామా అని పెద్దవాళ్లు ఆలోచిస్తుండగా, బెట్టీ అనే చిన్నపిల్ల ఆ గదిలోకి వచ్చిందనీ, వెంటనే ఆ పేరే ఖాయం చేశారనీ ఇంకొక కథ. నిజమేదో బెల్మాంట్ చెప్పలేదు. 1952లో ఆయన చనిపోయాడు. రహస్యం ఆయనతోనే పోయింది.

ఇంకొక తమాషా. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం "బెట్టీది" అని చెప్పటానికి చివరి ఎస్ అక్షరానికి ముందు, పైన, కామా వంటి చిన్న గుర్తు పెట్టాలి. బెట్టీస్ బోర్డుమీద ఆ గుర్తు ఉండదు. ఇంగ్లీషు మాస్టారు చూస్తే మార్కులు తగ్గిస్తారు!

ఇక మనం హోటలు లోపలికి వెళ్లి చూద్దాం.

హారోగేట్ బెట్టీస్ 1976నుంచి ఊరి నడుమ పార్లమెంట్ వీధిలో ఉన్నది. అద్దాల కిటికీలలో కేకులు, రొట్టెలు, చాక్లెట్లు అమర్చి ఉంటాయి. తెల్లని ఏప్రను కట్టుకున్న పరిచారికలు ఎదురువచ్చి బల్ల చూపిస్తారు. కూర్చున్న తరువాత "ఆఫ్టర్‌నూన్ టీ" కావాలని చెప్పాలి.

బల్లమీదికి వచ్చే సామాను చూస్తే మనకు ఆశ్చర్యం వేస్తుంది. టీ ఉన్న టీపాట్ ఒకటి, వేడినీళ్లు ఉన్న పాత్ర ఒకటి, పాలకు చిన్న చెంబు, వడపోసుకునే జల్లెడ, కప్పులు, సాసర్లు. టీ మరీ చిక్కగా ఉంటే కలుపుకోవటానికే ఆ వేడినీళ్లు. టీ మరిగించి, పాలూ చక్కెరా కలిపి చేతికివ్వటం అక్కడి పద్ధతి కాదు. ఎవరికి కావలసినట్టు వారు కలుపుకోవలసిందే. కప్పులో ముందు పాలు పోయాలా, టీ పోయాలా అని ఇంగ్లీషువారు ఇప్పటికీ వాదించుకుంటారు.

తరువాత మూడంతస్తుల పళ్లాలు వస్తాయి. అడుగు పళ్లెంలో చిన్నచిన్న శాండ్‌విచ్చిలు. దోసకాయ ముక్కలు పెట్టినవీ, కోడిగుడ్డు పెట్టినవీ, చేప పెట్టినవీ ఉంటాయి. మధ్య పళ్లెంలో స్కోన్లు. పై పళ్లెంలో కేకులు. కిందినుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. అంటే కారం తిన్న తరువాతే తీపి. పై పళ్లెంలోని కేకును చూస్తూ అడుగు పళ్లెం తినటం పిల్లలకు చాలా కష్టమైన పనే!

స్కోను అనేది గుప్పెట్లో పట్టే గుండ్రని మెత్తని రొట్టె. దాన్ని అడ్డంగా రెండుగా విడదీసి, పండ్ల జాము, చిక్కని మీగడ పట్టించి తింటారు. ఈ మీగడ మనకు కొత్తది కాదు. పాలమీది వెన్నభాగాన్ని సన్నని సెగమీద చాలాసేపు ఉంచి, కదపకుండా చల్లారనిస్తారు. పైన పసుపుపచ్చగా మీగడ కడుతుంది. మన ఇళ్లలో పిడకల దాలిమీద కాగిన పాలకు కట్టేదీ ఇటువంటిదే. ఇందులోనూ ఒక తగాదా ఉన్నది. డెవన్ జిల్లావారు ముందు మీగడ, దానిమీద జాము వేస్తారు. పక్కనే ఉన్న కార్న్‌వాల్‌వారు ముందు జాము, దానిమీద మీగడ వేస్తారు. ఎవరి పద్ధతి వారికి గొప్ప.

స్కోను పొంగి గుల్లగా ఎందుకుంటుంది? దాని పిండిలో వంటసోడా, దానితోపాటు ఏదో ఒక పులుపు పదార్థం కలుపుతారు. తడి తగిలి అవి రెండూ కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఈ వాయువు బుడగలు బుడగలుగా పిండినంతా పైకి లేపుతుంది. పొయ్యి వేడికి పిండి గట్టిపడి, బుడగలున్న చోట చిన్నచిన్న గదులు మిగిలిపోతాయి. పుల్లమజ్జిగలో చిటికెడు వంటసోడా వేసి చూడండి, అదే వాయువు నురగలాగా లేస్తుంది. స్కోను పిండిని ఎక్కువసేపు పిసకకూడదు. పిసికితే గోధుమపిండిలోని జిగురు సాగి, రొట్టె గట్టిపడుతుంది.

బెట్టీస్‌లో పిల్లలు వెతికి వెతికి కొనుక్కునేది "ఫ్యాట్ రాస్కల్". అంటే "బొద్దు తుంటరి" అని అర్థం! ఇది స్కోనువంటిదే, కాని ఇంకా పెద్దది. దానిమీద చెర్రీపండ్లతో రెండు కళ్లు, బాదంపప్పులతో పళ్లు పెడతారు. పళ్లికిలించి నవ్వుతున్న మొహం మన పళ్లెంలోనుంచి మనవంక చూస్తుంది. ఆ పేరుగల రొట్టె యార్క్‌షైర్‌లో పూర్వంనుంచీ ఉన్నదే. ఇప్పుడున్న మొహం మాత్రం దానికి బెట్టీస్‌వారు 1983లో పెట్టారు.

టీ కాచటంలో కూడా శాస్త్రం ఉన్నది. నల్లటి టీ ఆకులోని రంగు, రుచి బాగా దిగాలంటే నీళ్లు తెర్లుతూ ఉండాలి. చల్లని టీపాట్‌లో పోస్తే నీటి వేడి కొంత ఆ పాత్రకే పోతుంది. అందుచేత ముందుగా కాసిని వేడినీళ్లు పోసి తిప్పి, పారబోసి, ఆ తరువాత ఆకు వేస్తారు. మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి ఉంచుతారు. ఆకులోని వగరు పదార్థాలు నీళ్లలోకి దిగుతాయి. పాలు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఆ వగరును పట్టేసుకుంటాయి. పాలు పోసిన టీ నాలుకకు మెత్తగా ఉండటానికి కారణమిదే.

అన్నిటికంటె ముఖ్యం నీళ్లు. చార్లెస్ టేలర్ అనే ఆయన 1886లో టీ వ్యాపారం మొదలుపెట్టాడు. ఒకే టీపొడి ఒక ఊరిలో ఒక రుచి, మరొక ఊరిలో మరొక రుచి ఇస్తుందని టేలర్ కంపెనీవారు గమనించారు. సున్నపురాయి కరిగిన నీటిని కఠినజలం అంటారు. అటువంటి నీటిలో టీ మసకగా ఉంటుంది, పైన పలచని తెట్టె కడుతుంది, రుచి తగ్గుతుంది. అందుచేత వారు ఏ ప్రాంతపు నీటికి తగినట్టు ఆ ప్రాంతానికి రకరకాల ఆకులు కలిపి అమ్మేవారు. ఈ కంపెనీని బెట్టీస్‌వారు 1962లో కొన్నారు. 1977లో "యార్క్‌షైర్ టీ" అనే రకం తయారుచేశారు. అందులో కఠినజలానికి పనికివచ్చే రకం వేరుగా ఉన్నది.

ఇది మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని, బోరునీళ్లతో కొంత, మంచినీళ్లతో కొంత పాలులేని టీ కాచి, రెండు తెల్లని కప్పులలో పోయించండి. చల్లారేటప్పుడు రెండింటి రంగు, పైన కట్టే తెట్టె పోల్చి చూడండి. తరువాత ఒక కప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. చూస్తుండగానే టీ రంగు లేతబడుతుంది. పులుపు తగిలితే టీలోని రంగు పదార్థాలు ఆ విధంగా మారతాయి.

మరి, ఆ ఆకు ఎక్కడిది? మొదట్లో అంతా చైనానుంచి వచ్చేది. మన దేశంలో అస్సాం కొండలలో టీ చెట్లు అడవిగా పెరుగుతున్నాయనీ, అక్కడి సింగ్‌ఫో జాతివారు దాన్ని ఏనాటినుంచో తాగుతున్నారనీ 1823లో ఇంగ్లీషువారికి తెలిసింది. 1839లో అస్సాం టీ మొట్టమొదటిసారిగా లండనులో వేలానికి వచ్చింది. తరువాత అడవులు కొట్టి తోటలు వేశారు. ఆ తోటలలో పని చేయటానికి దూరప్రాంతాలనుంచి కూలీలను తీసుకుపోయారు. గంజాం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి తెలుగు కుటుంబాలు కూడా వెళ్లాయి. జ్వరాలు, తక్కువ కూలి, వదిలి రావటానికి వీలులేని ఒప్పందాలు, వాళ్లు పడిన కష్టాలు అన్నీ ఇన్నీ కావు. వారి సంతతివారు ఇప్పటికీ అస్సాంలో ఉన్నారు. వెండి టీపాట్ వంచి పోసుకునే టీ వెనక ఎక్కడో కొండవాలున, వీపున బుట్ట తగిలించుకుని రెండు ఆకులూ ఒక మొగ్గా చొప్పున తుంచే చేతులున్నాయి.

బెట్టీస్ కథలో ఇంకొక ముఖ్యమైన ఘట్టం మిగిలి ఉన్నది. దానికి మనం హారోగేట్‌నుంచి సుమారు 20 మైళ్లు తూర్పుగా, యార్క్ నగరం వెళ్లాలి.

1936లో క్వీన్ మేరీ అనే బ్రహ్మాండమైన ఓడ మొదటిసారి అట్లాంటిక్ సముద్రం దాటింది. ఆ ప్రయాణంలో బెల్మాంట్ కూడా ఉన్నాడు. ఆ ఓడలోని గదుల అందం చూసి ఆయన మైమరచిపోయాడు. అప్పుడాయన యార్క్‌లో కొత్త హోటలు కట్టించే ప్రయత్నంలో ఉన్నాడు. ఆ ఓడ గదులను అలంకరించినవారినే పిలిపించి, తన హోటలును కూడా అదే తీరున తయారుచేయించాడు. నిలువెత్తు అద్దాల కిటికీలు, నగిషీ చెక్కపనితో 1937లో ఆ హోటలు తెరిచారు. అది ఈనాటికీ ఉన్నది.

సుమారు రెండేళ్లకు రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 జూలైనుంచి ఇంగ్లండులో టీకి కూడా రేషను పెట్టారు. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాముల లోపు. జాగ్రత్తగా వాడుకుంటే రోజుకు మూడు నాలుగు కప్పులు వస్తాయి. ఈ రేషను 1952దాకా ఉన్నది.

యార్క్ చుట్టూ ఉన్న మైదానాలలో విమానాశ్రయాలు వెలిశాయి. రాత్రిపూట బాంబర్లు అక్కడినుంచి లేచి, సముద్రం దాటి జర్మనీ వైపు వెళ్లేవి. వాటిని నడిపేవాళ్లలో చాలామంది ఇరవై, ఇరవైరెండేళ్ల కుర్రాళ్లు. ఇంగ్లండువాళ్లే కాక కెనడావాళ్లు, అమెరికావాళ్లు కూడా ఉండేవారు. ఒక్కొక్క బాంబరులో ఏడుగురు వెళ్లేవారు. సెలవు దొరికిన సాయంకాలాలలో వాళ్లంతా యార్క్ వచ్చి బెట్టీస్ భూగృహంలో చేరేవారు. ఇల్లూ వాకిలీ వదిలి వేలమైళ్లు వచ్చిన ఆ కుర్రాళ్లకు అది కాస్త ఇల్లులాగా ఉండేది.

అక్కడ గోడకు ఒక పెద్ద అద్దం ఉండేది. ఎవడో ఒకడు వజ్రపు మొన ఉన్న కలంతో దానిమీద తన పేరు గీశాడు. వజ్రం ప్రకృతిలో దొరికే రాళ్లన్నిటికంటె గట్టిది; గాజు దానికి లొంగిపోతుంది. గీసిన గీత ఇక చెరగదు. తరువాత మరొకడు గీశాడు. ఆ విధంగా యుద్ధం ముగిసేసరికి అద్దంమీద దాదాపు 600 పేర్లు చేరాయి.

ఆ యుద్ధంలో ఇంగ్లండునుంచి బాంబర్లలో వెళ్లిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు. అద్దంమీద పేరు గీసి, కప్పు కింద పెట్టి, మర్నాడు విమానమెక్కినవాళ్లలో కూడా చాలామంది అదే దారిన పోయారు. వాళ్లు వెళ్లి బాంబులు వేసిన ఊళ్లలో కూడా, టీ కప్పులో, కాఫీ కప్పులో ముందు పెట్టుకుని కూర్చున్న తల్లులూ పిల్లలూ ఉన్నారు. యుద్ధమంటే ఇదే.

ఆ అద్దం యార్క్ బెట్టీస్‌లో ఇప్పటికీ ఉన్నది. కింది అంతస్తుకు దిగి ఎవరైనా చూడవచ్చు. దూరంనుంచి చూస్తే మామూలు అద్దమే. దగ్గరికి వెళితే, సాలెగూటి దారాలంత సన్నని గీతలలో పేరు వెనక పేరు కనిపిస్తుంది. బతికి బయటపడినవారు కొందరు ముసలివారైనాక తిరిగివచ్చి, ఆ గీతలలో తమ పేరూ, తమ స్నేహితుల పేర్లూ వెతుక్కున్నారు.

బెట్టీస్ హోటళ్లు ఇప్పుడు కూడా ఆ కుటుంబంవారి చేతిలోనే ఉన్నాయి. ఇంత పేరు వచ్చినా అవన్నీ యార్క్‌షైర్‌లోనే ఉన్నాయి, లండనులో ఒక్కటి కూడా లేదు. లండనుకు రాగానే చిరునామా పోగొట్టుకున్నవాడు ఆ నగరంలో హోటలు పెట్టకపోవటం న్యాయంగానే ఉన్నది!

చైనా ఆకు, అస్సాం ఆకు, స్విట్జర్లండు మిఠాయివాడు, కెనడా కుర్రాళ్లు, ఇవన్నీ కలిస్తే అచ్చమైన ఇంగ్లీషు టీ రూము తయారైంది. దాన్ని స్థాపించినవాడు తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు; వాకిలిమీద ఎవరో తెలియని బెట్టీ పేరు పెట్టి ఊరుకున్నాడు. కాని ఒక రాత్రికోసం వచ్చిన పరాయివాళ్లు గోడమీది అద్దంలో తమ పేర్లు రాసుకుంటే మాత్రం, ఆ అద్దాన్ని ఎవరూ మార్చలేదు.